మరియమ్మ పిట్ట

కళ్యాణదుర్గం దాపున గంగక్కకు నాలుగెకరాల చేను ఉంది. వేరుశనగ పూతకొచ్చే వేళకు వాన మొహం చాటేసి, పైరుకు పేనుబంక పట్టుకుంది. గంగక్క ట్యాంకులో నీళ్లు పోసి మందు డబ్బా మూత తీయబోతుంటే, కలుపు తీయడానికొచ్చిన ఎస్తేరు ఒక మొక్క దగ్గర కూర్చుండిపోయింది. ఆకు అడుగున నల్లచుక్కల ఎర్రటి పురుగొకటి పేనును నములుతోంది.

"అక్కా, ఆగు. మరియమ్మ పిట్టలు వచ్చినాయి."

"పిట్టలేంది మే? అవి అక్షింతల పురుగులు గదా."

'మరియమ్మ పిట్ట' అన్న పేరు పైకి అని ఎన్నేళ్లయిందో ఎస్తేరుకే గుర్తులేదు. నాయన పోయాక దాన్ని పలికేవాళ్లే లేరు.

చిన్నప్పుడు ఆమె గుత్తిలో మిషను హాస్టల్లో ఉండి చదివింది. ఒకరోజు సుగుణమ్మ టీచరు కిటికీ మీద వాలిన ఈ పురుగునే చూపించి 'లేడీబర్డ్' అని పలికించింది.

"దొరసాని పిట్టనా టీచర్?" అని ఎస్తేరు అడిగితే క్లాసంతా నవ్వింది.

టీచరు నవ్వలేదు. "ఆ లేడీ దొరసాని కాదమ్మా, ఏసు తల్లి మరియమ్మ. ఇంగ్లీషువాళ్లు పూర్వం ఆమెను 'అవర్ లేడీ', అంటే 'మా అమ్మగారు' అన్నట్టు పిలిచేవాళ్లు. పాత బొమ్మల్లో ఆమెది ఎర్రటి పైవస్త్రం. దీని రెక్కలూ ఎరుపే. వీటిమీది ఏడు చుక్కలు ఆమె పడిన ఏడు దుఃఖాలని చెప్పుకునేవాళ్లంట. ఎగురుతుంది గనక పిట్ట అన్నారేమో" అంది.

సెలవులకు పోయినప్పుడు ఎస్తేరు ఇదంతా నాయనకు చెప్పింది. కూలికి పోయి అలిసి వచ్చిన ఎర్రప్ప బీడీ ఆర్పి కూతురి వైపు తిరిగాడు.

"ఏడు దుఃఖాలు మోసుకోని ఎగురుతాందా పాపా ఇది? గట్టిదే."

అప్పట్నుంచి చేలో అది కనబడితే చాలు, "మీ మరియమ్మ పిట్ట వచ్చింది, రా" అని కేకేసేవాడు. తర్వాత కరువు ముదిరింది. ఎస్తేరు బడి మానేసి నాయన వెంట బెంగుళూరు పోయి ఇటుకలు మోసింది. నేర్చిన ఇంగ్లీషంతా మరుపున పడినా ఆ ఒక్క పేరు మిగిలింది.

ఎస్తేరు చెప్పిందంతా గంగక్క గట్టుమీద కూర్చుని విన్నది. "మందు కొడితే ఇవీ చస్తాయేమో గదా?"

"చస్తాయక్కా. వారం చూడు. పేను తగ్గకపోతే నేనే వచ్చి కొడ్తా."

గంగక్క డబ్బా మూత బిగించింది.

వారానికి పేను పలచబడింది. వాన మాత్రం అరకొరగానే పడింది, పంట సగమే చేతికొచ్చింది. అయినా గంగక్క పచ్చికాయలు ఉడకబెట్టి ఎస్తేరు ఇంటికి తెచ్చింది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని వలుచుకున్నారు.

"మీ నాయన ఎట్లుండేవాడు మే?"

"పొడుగు మనిషక్కా. ఉడికిన కాయంటే పానం" అంటూ ఎస్తేరు మొదలుపెట్టింది. గంగక్క ఇంకో గుప్పెడు కాయలు ఆమె ఒళ్లో పోసింది.