రెండు గేట్ల పార్కు

నర్సమ్మ గారు పోయారని పొద్దున్న పాలు పోస్తూ పాలబ్బాయి చెప్పాడు. నిద్రలోనే పోయారట. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే కుక్కల పార్కు బయట బల్ల మీద కూర్చుని, గేటు గడియ సరిగ్గా పెట్టలేదని నాకు చీవాట్లు పెట్టారు. అంత గట్టి గొంతు తెల్లారేసరికి లేకుండా పోవడమేమిటి?

ఆవిడ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, శ్రీకాకుళం పక్కన మేముండే ఈ కొత్త కాలనీకి వచ్చి మా ఎదురింట్లో ఒక్కరే ఉండేవారు. పొందూరు ఖద్దరు చీర, చేతిలో నల్ల గొడుగు. ఎండా వానా లేకపోయినా గొడుగు ఉండాల్సిందే. అదెందుకో చాలాకాలం నాకు తెలియలేదు.

ఒకరోజు మా పాపని వీధికుక్క కరిచింది. పిక్క మీద పళ్ళు దిగాయి. మా అత్తగారు వంటింట్లోంచి కారం డబ్బా పట్టుకొచ్చారు. కుక్కకాటుకి కారం అద్దడం మా వైపు పాత అలవాటు. నర్సమ్మ గారు ఎదురింటి నుంచి పరిగెత్తుకొచ్చి ఆ డబ్బా లాక్కున్నారు.

"కారం కూరలోకి గానీ కాటు మీదకేటి? సబ్బేదే? కుళాయి ఇప్పవే బేగి!"

పాప ఎంత ఏడ్చినా వదలకుండా సబ్బుతో కడిగీ కడిగీ, ఆటో ఎక్కించి ఇంజెక్షనుకి తీసుకెళ్ళారు. అన్ని సూదులూ దగ్గరుండి వేయించారు. గాయం తగ్గింది గానీ పాప వీధిలోకి అడుగుపెట్టడం మానేసింది. బడి ఆటో గుమ్మంలోకి వస్తేనే ఎక్కేది. ఏ సందులో కుక్క మొరిగినా నా కొంగు పట్టుకుని వణికేది. నా బిడ్డ ఇలా ఇంట్లోనే ముడుచుకుపోతుందేమోనన్న దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

కాలనీ మీటింగులో కుక్కలన్నిటినీ బండెక్కించి నౌపడ ఉప్పుమడుల దగ్గర వదిలేద్దామన్నారు. నేను అందరికంటే ముందు చెయ్యెత్తాను. నర్సమ్మ గారు గొడుగు నేలకేసి కొట్టారు.

"ఉప్పుమడుల కాడ మనుసులు లేరేటి? ఆళ్ళ పిల్లల్ని కరిస్తే పర్లేదేటి? పిల్లలకి బడున్నాది, మనకి గుడో సర్చో ఉన్నాది. కుక్కకేటున్నాది? రోడ్డున్నాది. అదే దాని ఇల్లయినప్పుడు, దాని ఇంట్లోకి మనం ఎల్తే ఊరుకుంటాదా?"

లేఔటులో పార్కుకని వదిలి, తుప్పలు మొలిచిపోయిన జాగా ఒకటుంది. దాన్ని కుక్కలకిద్దామన్నారు. అందరూ నవ్వారు. మర్నాడు చూస్తే ఆవిడ ఆ జాగాలో గొడుగు మొనతో గీతలు గీస్తున్నారు. ఇక్కడ నీళ్ళ తొట్టి, అక్కడ నీడకి కానుగ మొక్కలు, తిండి గిన్నెలు మాత్రం దూరం దూరంగా.

"పక్కపక్కనెడితే కొట్టుకుంటాయి. పెళ్ళి బోజనాల కాడ మనోళ్ళని సూళ్ళేదేటి?" అన్నారు నన్ను చూసి.

గేట్లు రెండుండాలన్నారు, మధ్యలో ఇద్దరు నిలబడే చోటు వదిలి. ఆసుపత్రిలో అంటురోగాల వార్డు అలాగే ఉండేదట. "ఒకటి ఏసినాకే రెండోది తియ్యాలి" అన్న మాట మా కాలనీలో చిన్నాపెద్దా అందరికీ నోటికొచ్చేసింది.

ఆవిడ పట్టు చూసి నవ్వినవాళ్ళమే తలో చెయ్యీ వేశాం గానీ, దడి దగ్గర మాత్రం బోర్లాపడ్డాం. వెనక వాడలో చేపల వేటకెళ్ళే మావ ఒకాయన పాత వలలు ఇస్తానన్నాడు. సముద్రం పక్కన బతికేవాళ్ళం, వలని మించిన దడి ఏముంటుందని సంబరంగా కట్టేశాం. మొదటిరోజు లోపలికి వదిలిన కుక్కలు ఆడలేదు, పరిగెత్తలేదు. వరసగా నిలబడి వలని నాకాయి. మర్నాటికి కొరికేశాయి. ఊళ్ళో పిల్లులన్నీ దడికి అవతలివైపు చేరాయి. కాలనీ పెద్ద వెక్కిరిస్తుంటే, నర్సమ్మ గారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

"సేపల గోడ కట్టీసి కొరకొద్దంటే ఎలాగర్రా?"

కింద తాటికమ్మలు కట్టించి, వలని వాటికి అందనంత పైకి ఎత్తించారు. ఇప్పటికీ అదే దడి. పశువుల డాక్టరు వచ్చి కుక్కలకి అక్కడే టీకాలు వేశాడు. తిండి లోపలే దొరుకుతుండడంతో అవి సందుల్లో మనుషుల వెంటపడడం తగ్గింది. కుక్కల్ని పెంచుకునేవాళ్ళు కూడా సాయంత్రాలు వాటిని తీసుకురావడం మొదలెట్టారు.

ఇంత చేసిన మనిషి ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. బల్ల గేటు బయటే వేయించుకుని, మా పాపని బతిమాలి తెచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవారు. లోపలికి ఎందుకెళ్ళరని ఒకరోజు అడిగాను.

"నాకు కుక్కలంటే బయమే అమ్మీ. గొడుగు మరెందుకనుకున్నావు? నాను నర్సుగా సేరిన కొత్తల్లో కుక్క కరిసిన గుంటడొకడు, గ్లాసుడు నీళ్ళు సూసి వణికి వణికి సచ్చిపోయాడు. నాను ఏటీ సెయ్యలేకపోయాను. అది మొదలు కుక్క కనబడితే నా కాళ్ళాడవు."

పాప ఆవిడ మొహంలోకి కళ్ళార్పకుండా చూసింది. పెద్దవాళ్ళకీ భయముంటుందని దానికి అప్పుడే తెలిసినట్టుంది.

"నువ్వు లోపలికెల్లిన రోజున నానూ వస్తాను, గుంటా" అన్నారు దానితో.

అక్కణ్ణుంచి రోజూ అదే వరస. "ఈరోజెల్దామా?" అని ఆవిడ. "రేపు" అని ఇది. ఇది సరేనన్న రోజున ఆవిడకి మోకాళ్ళ నొప్పి. ఇద్దరూ దొంగలే. కానీ ఆ బల్ల దాకా రావడానికి నా కూతురు మెల్లగా వీధిలో నడవడం నేర్చుకుంది. ఆవిడకి నేను రుణపడిపోయింది అక్కడే. ఆ మాట బతికుండగా చెప్పి ఉంటే, "ఎల్లి పని సూసుకోవే" అని కసిరేవారు.

ఆ మధ్యాహ్నం ఆవిడకి సమాధుల తోటలో మట్టి వేసి ఇంటికొచ్చాం. సాయంత్రం పాప అన్నం గిన్నె అడిగింది. ఎందుకని అడగకుండా ఇచ్చి, వెనకాలే నడిచాను. పార్కు దగ్గర బల్ల ఖాళీగా ఉంది. పాప కాసేపు దాని వైపు చూసి, మొదటి గేటు తీసుకుని లోపలికి అడుగేసింది. కానీ గేటు వెంటనే వెయ్యలేదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలావిడ బల్ల మీంచి లేచి, గొడుగు ఊతంగా నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపూ తెరిచి పట్టుకుని నిలబడింది. తర్వాత గడియ పెట్టి, రెండో గేటు తీసింది.