లాగి చూసిన కమ్మీ

ఎనభైల్లో ఓ మధ్యాహ్నం, ఐరాల నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాను. నా పక్కనున్న మనిషి భుజాన కొబ్బరిపీచు మోకుతాడు చుట్ట ఉంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర కాస్త వంకర. పైకమ్మీని పట్టుకోబోతూ రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు.

“ఊగతా ఉండాది సార్, ఇట్ల రా” అంటూ వెనక్కి జరిగాడు. నేను జరగలేదు, ఆ కమ్మీనే పట్టుకుని నిలబడ్డాను.

“బస్సుకు కూడా పరీక్షేనా అప్పా?”

“చింతచెట్ల కొమ్మలు కొట్టేవాణ్ణి సార్. లాగి సూడందే దేనిమీదా బరువెయ్యను. ఒకసారి నడుముకు మోకు కట్టుకోని గూడా పడినా.”

“మోకుండగా ఎట్లా పడ్డావు?”

“కొట్టే కొమ్మకే కట్టినా! కొమ్మా నేనూ కలిసే దిగినాం.”

ముందు ఆయనే నవ్వాడు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. అంతలో బర్రె అడ్డమొస్తే డ్రైవరు బ్రేకు వేశాడు. నా కమ్మీ ఒక కొస ఊడింది. తలుపు వైపు తూలిన నన్ను ఆ వంకర చెయ్యే చొక్కా పట్టి ఆపింది.

“నాకు చెయ్యి ఇరిగింది, నీకు గుండీలే పోయినాయి. అగ్గవకే నేర్సుకున్నావు సార్” అన్నాడు.

ఇప్పటికీ బస్సెక్కితే కమ్మీని రెండుసార్లు లాగి చూస్తాను. పక్కవాడు నవ్వితే, వాడు పట్టుకున్న కమ్మీని కూడా లాగి చూస్తాను.