పెద్దరెడ్డి విన్న రోము పాఠం

కోయిలకుంట్ల దగ్గర ఒక ఊళ్ళో మిషన్ బడికి నేను పంతులమ్మగా ఉన్న కాలం అది. బడికి సొంత గది లేదు. ఊరి పెద్దరెడ్డి తన ధాన్యపు కొట్టం ఒకటి ఇచ్చాడు. ఆయన దయ తప్పితే బడీ లేదు, నా జీతమూ లేదు.

ఆ చుట్టుపక్కల రెండు పార్టీలు ఒకదాని మీద ఒకటి కత్తులు నూరుతుండేవి. ఏ పార్టీది పైచేయి అయితే పెద్దరెడ్డి అటు చేరేవాడు. అలా ఎన్నిసార్లు మారాడో ఊళ్ళో అందరికీ తెలుసు. నేనేమో ఆ సంగతే తలచుకోకుండా చరిత్ర పుస్తకంలో రోము పాఠం మొదలుపెట్టాను. రోము సేనానులు తమలో తాము కొట్టుకుంటుంటే, వాళ్ళ కింద చిన్న సీమను ఏలే పాలకుడొకడు ముందు ఒకరి పక్షం చేరాడు. ఆ సేనాని ఓడిపోగానే గెలిచినవాడి పంచన చేరాడు. ఆ గెలిచినవాణ్ణి కొందరు పొడిచి చంపితే, చంపినవాళ్ళకే కప్పం వసూలు చేసిపెట్టాడు. అంతవరకు చెప్పేసరికి బడంతా ఒకటే నవ్వు. "మా పెద్దరెడ్డి మాదిరే" అన్నారు పిల్లలు.

సాయంత్రానికల్లా కబురొచ్చింది. ఆ పాఠం మానాలి, లేదంటే కొట్టం ఖాళీ చెయ్యాలి. నాకు ఒళ్ళు మండింది. పాఠం నేను రాసిందా? మానను, తాళం వేసుకోమనండి, చర్చి వసారాలో చెప్పుకుంటానని తిప్పి పంపాను. ఇంటికొచ్చాక భయమేసిన మాట నిజమే. అయినా తెల్లారి అదే పుస్తకం పట్టుకుని వెళ్ళాను.

పిల్లలింకా రాలేదు. పెద్దరెడ్డి ఒక్కడే కొట్టం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకుంటే, ఆ పాఠమేదో తనకూ చెప్పమన్నాడు. పిల్లలకు చెప్పినదంతా ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను.

"వాని ఊరు కాలిందా?" అన్నాడు.

లేదన్నాను.

"ఇంగ నవ్వేదానికి ఏముండాది?"

 మళ్ళీ ఆయనే, "కడాకు వాడేమయినాడు?" అని అడిగాడు.

"విందులో విషం పెట్టి చంపారయ్యా. పెట్టించింది ఆయన నమ్మినవాడే."

పెద్దరెడ్డి లేచి కండువా దులుపుకుని, "అది మాత్రం పిల్లోళ్ళకు చెప్పొద్దు తల్లీ" అన్నాడు. ఆ గొంతులో బెదిరింపు లేదు. నాకు శానా జాలేసింది. అయినా చెప్తాననే అన్నాను.

చెప్పాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, కొట్టానికి తాళమూ పడలేదు. పెద్దరెడ్డి ఎప్పటిలాగే పెళ్ళిళ్ళకు వచ్చేవాడు గానీ, అక్షింతలు వేసి, తాంబూలం కూడా ముట్టకుండా వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత ఆ ఊళ్ళో నేనున్నన్నాళ్ళూ ఆయన ఇంకొకరి ఇంట మంచినీళ్ళు తాగగా చూసినవాళ్ళు లేరు.