కాస్త గీసి ఇస్తారా?

నా స్నేహితురాలికి దారి తెలియదు. ఫలానా ఊళ్లో తెలియదనో, చీకటి పడితే తెలియదనో కాదు. ఎక్కడికీ, ఎప్పుడూ తెలియదు. భూగోళంలో సగం దేశాలు తిరిగివచ్చిన మనిషికి, మేమిద్దరం అద్దెకున్న ఇంటి నుంచి వీధి చివరి పాల దుకాణానికి దారి తెలియదంటే ఎవరూ నమ్మరు. సామాజిక పరిశోధనలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, కళ్లారా చూసినదాన్నీ చెవిన పడినదాన్నీ వేరుగా ఉంచడం. ఈ విషయంలో నేను కళ్లారా చూసినదే ఎక్కువ.

దారి తెలియని వాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. అడుగుతారు, వింటారు, వెళ్లిపోతారు. ఈమె వినేది కాదు. నోటితో చెబితే తన బుర్రకెక్కదనీ, కాస్త గీసి ఇమ్మనీ అడిగి సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసేది. ఇంటి తాళంచెవి మరిచిపోయిన రోజులున్నాయి గానీ, చెక్కిన పెన్సిలు మరిచిపోయిన రోజు నాకు గుర్తులేదు.

ఒకసారి మా భవనం వాచ్‌మన్‌ను మా ఇంటికే దారి అడిగింది. అతను ఆమెను ఎగాదిగా చూసి, నన్ను జాలిగా చూసి, కాగితం మీద మెట్లు గీసి, పైన ఒక తలుపు గీశాడు. కాస్త ఆలోచించి తలుపుకు గొళ్లెం కూడా పెట్టాడు. అప్పటినుంచి భవనంలోకి వచ్చేపోయే వాళ్లందరికీ, మేడం గారి మ్యాపు వేసింది తానేనని చెప్పుకునేవాడు.

ఫోనులో మ్యాపు ఉంటుంది కదా అని నేను అడగకపోలేదు.

"అది రోడ్డు చూపిస్తుంది సర్వే. మలుపులో ఉన్న కుక్కను చూపించదు," అంది. 'సర్వే' అనేది ఆమె నాకు పెట్టిన పేరు.

భాష రాని దేశాల్లోనూ ఆమెది ఇదే పద్ధతి. ఒకచోట ఒక ముసలావిడ రైల్వే స్టేషన్‌కు దారి గీస్తూ, మధ్యలో తన కూతురి ఇల్లు గీసి, ఇంట్లో పొయ్యి గీసి, పొయ్యి మీద గిన్నె పెట్టిందట. ఈమెకు రైలు తప్పిపోయింది. ఆ కూతురి పిల్లల పేర్లు మాత్రం ఇప్పటికీ గడగడా చెబుతుంది.

మేమిద్దరం పనిచేసింది ఒకే ఆసుపత్రిలో, జబ్బు తగ్గినా సత్తువ తిరిగిరాని వాళ్లు కోలుకునే విభాగంలో. రోగుల అభిప్రాయాలు సేకరించడం నా పని. ఆమె ఆర్ట్ థెరపిస్టు. అంటే మాట పెగలని వాళ్లచేత, చెయ్యి లేవని వాళ్లచేత రంగులో బంకమన్నో పట్టించి, చేతినీ మనసునూ కలిపి కదిలించే వైద్యం. ఆమె గది నడవా చివర ఉండేది. ఆ నడవాకు మలుపులు లేవు. అయినా రోజూ ఎవరో ఒక రోగిచేత తన గదికి తానే దారి గీయించుకుని, ఆలస్యంగా చేరేది. ఆసుపత్రిలో అందరూ ఆమెను 'దారెటు మేడం' అనేవారు.

సమస్య ఉన్నచోట పరిష్కారం ఉండాలని నమ్మే మనిషిని కనుక, ఒక ఆదివారం నేను మెట్ల దగ్గరినుంచి ఆమె గది గుమ్మం దాకా నేలమీద పసుపుపచ్చ బాణాలు అంటించాను. సోమవారం వెళ్లేసరికి ఆమె ఆ బాణాల మీదే నిలబడి, చక్రాల కుర్చీలో ఉన్న ఒక రోగిని, బట్టలు కుట్టే టైలరమ్మను అడుగుతోంది:

"ఈ బాణాలు ఎటు పోతున్నాయండీ? కాస్త గీసి ఇస్తారా?"

నా పరిష్కారాన్ని నేనే గోళ్లతో గీకి తీసేశాను.

ఆ రోజుల్లోనే సిటీ బస్సు డ్రైవరు ఒకాయన వచ్చి చేరాడు. ఉద్యోగం ముగిసిన కొద్దికాలానికే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చేతిలో కదలిక మిగిలే ఉందని ఫిజియోథెరపిస్టు అనేవాడు. దాన్ని వాడే ఉద్దేశం ఆయనకు లేదు. బంతి ఇస్తే విసుగు, పెన్సిలు ఇస్తే కోపం. స్టీరింగు తిప్పిన చేతికి పెన్సిలిస్తారా, నేనేమన్నా పలకా బలపం పట్టే పిల్లాణ్ణా అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

పెద్ద డాక్టరు ఆయన కూతురికి మొహమాటం లేకుండా చెప్పేశాడు. శుక్రవారం సమీక్షలో చేతిని వాడే ప్రయత్నం కనబడకపోతే, ఆ మంచాన్ని వేచి ఉన్న మరొకరికి ఇవ్వక తప్పదు. వాళ్లు ఉండేది లిఫ్టు లేని భవనంలో పై అంతస్తు.

"ఒకసారి పైకి ఎక్కించామంటే నాన్న మళ్లీ రోడ్డు చూడడండీ," అంది కూతురు. నా ప్రశ్నావళిలో ఆ జవాబు పట్టే గడి లేదు.

నా స్నేహితురాలు ఆయనకు పెన్సిలు ఇవ్వనేలేదు. రోజూ ఆలస్యంగా వచ్చి, ఆయన మంచం పక్కన కూలబడి, బస్సు తనను మరెక్కడో దింపేసిందని మొరపెట్టుకునేది.

"మార్కెట్ బస్సు నీళ్ల ట్యాంకు మీదుగా పోయింది బాబాయ్."

"అది ట్యాంకు వైపు పోదమ్మా."

"పోయింది. నేను అందులోనే ఉన్నాను."

"నువ్వు అందులో లేవు. ఇంకేదో ఎక్కి ఉంటావు."

ఈ మాట అనడానికి ఆయన గోడవైపు నుంచి ఇటు తిరగవలసి వచ్చింది. మరునాడు ఆమె గడియార స్తంభాన్ని నదికి అవతలి ఒడ్డుకు మార్చింది. ఆ మరునాడు వంతెననే తీసేసింది. ఆయనకు రక్తపోటు పెరిగిందని నర్సు ఫిర్యాదు చేసింది. భోజనం పళ్లెం మాత్రం ఖాళీ చేశాడని కూడా చెప్పింది.

శుక్రవారం మేం బయలుదేరడమే ఆలస్యమై టాక్సీ ఎక్కాం. వంతెన దగ్గర బళ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. టాక్సీ అబ్బాయి ఫోను చూసి తెల్లమొహం వేశాడు. నా స్నేహితురాలు జడ అల్లుకుంటూ, తలైనా ఎత్తకుండా అంది:

"వెనక్కి తిప్పు నాయనా. ప్రింటింగ్ ప్రెస్సు పక్క సందులో దూరు. మొదటిది కాదు, అది గోడకు కొడుతుంది. రెండోది. బడి వెనకగా తేలితే ఆసుపత్రి వెనక గేటు. అక్కడో కుక్క పడుకుని ఉంటుంది. హారన్ కొట్టినా లేవదు, పక్కనించి పోనీ."

కుక్క ఉంది. లేవలేదు.

"నీకు దారి తెలుసు," అన్నాను.

"ఈ ఊళ్లో నాకు తెలియని దారేముంది సర్వే?" అంది జడకు రబ్బరు బిగిస్తూ. "బొమ్మ గీయమంటే ప్రతివాళ్లూ నాకు రాదంటారు. దారి అడిగితే రాదన్న మనిషి ఇంతవరకూ తగల్లేదు. పైగా దారి చెప్పిన రోజు మనిషి కాస్త నిటారుగా ఉంటాడు."

సమీక్ష గదిలో పరిస్థితి బాగాలేదు. పెద్ద డాక్టరు కాగితం, పెన్సిలు ముందు పెట్టి ఒక్క గీత గీయమన్నాడట. తాను పరీక్ష రాయడానికి రాలేదని చెప్పి డ్రైవరు కిటికీ వైపు తిరిగాడట. కూతురు చేతిసంచి పట్టీని మెలిపెడుతోంది. అప్పుడు, నగరంలో ప్రతి సందూ ఎరిగిన నా స్నేహితురాలు రొప్పుతూ లోపలికి అడుగుపెట్టి, దారి తప్పానని అందరికీ క్షమాపణ చెప్పుకుంది. తర్వాత డాక్టర్లందరినీ వదిలేసి డ్రైవరు ముందు కూర్చుంది.

"బాబాయ్, సాయంత్రం మీ డిపోకే పోవాలి. ఈసారి పొరపాటు పడను. మార్కెట్ దగ్గర దిగుతాను. వంతెన ఎక్కకుండా ఎడమకు తిరుగుతాను. ఎదురుగా డిపో."

డ్రైవరు మెడ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఎడమకా?"

"ఎడమకే."

"ఎడమకు తిరిగితే నదిలో పడతావే తల్లీ," అంటూ ఆయన కుడిచేత్తో పెన్సిలు అందుకోబోయాడు. పట్టు చిక్కలేదు, జారిపోయింది. ఎడమచేత్తో తీసి కుడిచేతి వేళ్ల మధ్య దోపుకున్నాడు. గీత మొదలైంది. మార్కెట్ వచ్చింది. వంతెన వచ్చింది. వంతెన దాటగానే గీత వణికి, పాములా మెలికలు తిరిగింది. ఫిజియోథెరపిస్టు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇదేంటి బాబాయ్, ఇక్కడ ఇలా వంకర పోయింది?" అంది నా స్నేహితురాలు.

"చెయ్యి కాదు. అక్కడ రోడ్డే అంత."

పెద్ద డాక్టరు కళ్లజోడు సవరించుకుని కాగితం మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"నిజమే. రోజూ నా కారు దిగబడేది అక్కడే," అన్నాడు.

మంచం ఆయనకే ఉంచమన్నారు. కూతురు ముఖం చేతిసంచిలో దాచుకుంది. డ్రైవరు ఇవేమీ పట్టించుకోలేదు. డిపో గేటు ఇంకా గీయవలసి ఉంది. ఆయన చేతికర్ర ఊతంతో మెట్లెక్కి, దిగి, ఇంటికి వెళ్లేనాటికి ఆమె గది గోడనిండా డిపోకు పోయే దారులే. ఒక్కదాని ప్రకారమూ ఆమె అక్కడికి వెళ్లలేదు. డిపోలో ఆమెకేం పని?

కొంతకాలానికి మరో దేశపు ఆసుపత్రి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. బయలుదేరే ఉదయం నేను పెట్టె బరువు చూశాను, టికెట్ చూశాను, మళ్లీ పెట్టె బరువు చూశాను. చెప్పవలసిన మాటలు తప్ప అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి స్టేషన్‌కు దారి అడిగింది.

"నీకు తెలుసుగా," అన్నాను.

"తెలుసు. అయినా కాస్త గీసి ఇవ్వు."

ఆమెకు దారి గీసి ఇవ్వనిది బహుశా నేనొక్కదాన్నే. అడిగినప్పుడల్లా అంచెలంచెలుగా నోటితో వివరించేదాన్ని. ఆ రోజు నేలమీద కూర్చుని గీశాను. మా మెట్లు, వాచ్‌మన్ కుర్చీ, పాల దుకాణం, మలుపు. మలుపులో కుక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తోక కుదిరేదాకా ఆమె తొందరపెట్టలేదు. లేచి నిలబడేసరికి, నేనూ కాస్త నిటారుగా ఉన్నాను.

ఆమె కాగితాన్ని శ్రద్ధగా పరిశీలించింది.

"కుక్క బాగా కుదిరింది సర్వే. స్టేషన్ మాత్రం ఆ పక్కన ఉంటుంది."

ఆ తర్వాత నా మ్యాపును తలకిందులుగా పట్టుకుని, పెట్టె లాక్కుంటూ, సరైన దారిలోనే వెళ్లిపోయింది.