జింకలు దారి మార్చిన ఏడు

ఈమధ్య ఒకరోజు పొద్దున్నే కాఫీ కలుపుకుంటుంటే మా కోడలు పెరటి తలుపు దగ్గర నుంచి, "అత్తయ్యా, డీర్ మళ్ళీ వచ్చి మీ చిక్కుడు పాదంతా తినేశాయి. ఏదైనా స్ప్రే ఆర్డర్ చేయనా?" అని కేకేసింది. వెళ్ళి చూద్దును కదా, మేముండే ఈ మోరిస్‌విల్ ఊళ్ళో, ఇన్ని ఇళ్ళ మధ్య, బాగా తెల్లారాక కూడా, తల్లీ పిల్లా రెండు జింకలు మమ్మల్ని లెక్కచేయకుండా నములుతూ నిలబడ్డాయి. కోపం రావలసింది పోయి నాకు మా మొదటి ఇంటి యజమాని దంపతులు గుర్తొచ్చారు.

మా ఆయనకు మొదటి ఉద్యోగం ఇక్కడికి బాగా దూరంగా, కొండల వైపు ఒక చిన్న ఊళ్ళో దొరికింది. ఆ దంపతుల వేట భూమి అంచున ఉన్న రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగాం. నాకు పనిచేసే వీసా లేదు, డ్రైవింగ్ రాదు, ఈయన ఆఫీసుకు వెళితే పలకరించే దిక్కు లేదు. ఇంటావిడ అది కనిపెట్టి, సరుకులకు వెళ్ళినప్పుడల్లా నన్నూ ట్రక్కు ఎక్కించుకునేవారు. ఆ ట్రక్కు మీదే నాకు డ్రైవింగ్ కూడా నేర్పారు.

ఆవిడ భర్తకు వేటంటే ప్రాణం. ఏటా నవంబరులో ఓక్ చెట్ల గట్టు మీది మంచె ఎక్కి కూర్చుంటే, రాలిన కాయల కోసం జింకలు వరసగా ఆ మంచె కిందనుంచే వెళ్ళేవట. మేం దిగిన ఏడే పక్క భూమివాళ్ళు తమ పైన్ తోటంతా కొట్టించేశారు. మరుసటి ఏడు కాయలు రాలే వేళకు గట్టు మీదికి జింకలు రావడం మానేశాయి. ఇక ఈ చుట్టుపక్కల జింకలు లేవని ఊళ్ళో వేటగాళ్ళంతా తేల్చేశారు. ఆ వేసవిలోనే పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయిన పెద్దాయన ఆ మాట విని బొత్తిగా నీరుగారిపోయారు. నడక నేర్పడానికి వచ్చే నర్సును గుమ్మంలోంచే తిప్పి పంపేవారు, గోడవైపు తిరిగి పడుకునేవారు. ఇంటావిడ మా వంటింట్లో కూర్చుని, ఈ మనిషి ఇక లేవడేమోనని కళ్ళు తుడుచుకునేవారు.

ఒక పొద్దున గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూస్తే, చెట్లు కొట్టేసిన చోట నడుమెత్తు పెరిగిన ముళ్ళపొదల్లో రెండు చెవులు కదిలాయి. పరుగున వెళ్ళి ఇంటావిడకు చెప్పాను. ఇద్దరం బూట్లు తొడుక్కుని వెళ్ళి చూశాం: బ్లాక్‌బెర్రీ చిగుళ్ళన్నీ కొరికి ఉన్నాయి, తాజా పెంటికలు, లోపల గడ్డి అణిగిపోయి జింకలు పడుకున్న ఆనవాళ్ళు. మేం చెప్పిందంతా విని పెద్దాయన గోడవైపు నుంచి ఇటు తిరిగారు. తరవాత నవ్వారు.

"అయితే పోలేదన్నమాట! నీడ పోయి నేలకు ఎండ తగిలింది, చిగుళ్ళు లేచాయి. తిండీ పడకా ఒక్కచోటే దొరికితే గట్టెక్కి రావడానికి వాటికేం పనమ్మాయ్?" అని ఇంగ్లీషులో అని, భార్య వైపు తిరిగి, నడక కర్ర ఎక్కడ పెట్టావని అడిగారు.

ఆ రోజు నుంచి నర్సు వచ్చేసరికే ఆయన లేచి కూర్చుని ఉండేవారు. ఇక మంచె ఎక్కలేరు కనుక, మా ఆయన ఒక కుర్చీ మోసుకెళ్ళి, ఆయన చెప్పినట్టే మనుషుల వాసన జింకలకు తగలకుండా పొదల వైపు నుంచి గాలి ఇటు వీచేచోట, పెద్దాయన భూమి కంచె పక్కన నేల మీదే వేసి, చుట్టూ కొమ్మలు కప్పారు. నవంబరులో ఒక సాయంత్రం ఇద్దరూ వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని అక్కడ కూర్చున్నారు. జింకలు పొదలు దాటి కంచె ఇవతలికి వచ్చే వేళ అది. ఒక్క తుపాకీ మోత వినిపించింది. ఇంటావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కాసేపటికి పెద్దాయన మా ఆయన భుజం పట్టుకుని, కాలు ఈడుస్తూ, చంటిపిల్లాడిలా ఏడుస్తూ నవ్వుతూ వచ్చారు.

ఆ జింక మాంసంలో మాకూ వాటా ఇచ్చారు. అల్లం వెల్లుల్లి, గసగసాలు నూరి వండుతుంటే మా ఆయన, "కారం తగ్గించవే, పెద్దాయన తట్టుకోలేడు" అన్నారు. తగ్గించడానికి నాకు చెయ్యి రాలేదు. పెద్దాయన ముక్కు చీదుకుంటూ, మధ్యమధ్య పాలు తాగుతూ, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు. ఆ తరవాత కొన్నేళ్ళు ఆయన తన కాళ్ళ మీదే ఆ కంచె దాకా నడిచి వెళ్ళారు. దిక్కులేకుండా వచ్చిన నాకు ఆ ఇంట్లో ఒక పనీ, ఒక చోటూ దొరికాయి. ఆ రుణం తీరేది కాదు.

ఇప్పుడు ఆ దంపతులిద్దరూ లేరు. పోయిన ఆకురాలు కాలంలో మా ఆయనా నేనూ అటు డ్రైవ్ చేసుకుని వెళ్ళి, కొత్త యజమానుల అనుమతితో ఆ భూమంతా తిరిగి చూశాం. కంచె అవతల ముళ్ళపొదల చోట మళ్ళీ నాటిన పైన్ చెట్లు ఆకాశాన్ని కప్పేశాయి. కింద చీకటి, రాలిన సూదుల్లాంటి ఎండుటాకులు తప్ప ఒక్క చిగురు లేదు. గట్టెక్కి చూస్తే ఓక్ చెట్ల కింద మెత్తటి నేలలో గిట్టల గుర్తులు, వరసగా, తాజాగా. జింకలు మళ్ళీ పాత గట్టు దారే పట్టాయి. ఆ సంగతి చెబితే సంబరపడే మనుషులు ఆ ఊళ్ళో ఇప్పుడెవరూ మిగల్లేదు. అందుకని దిగివచ్చేదాకా మేమే, ఒకరికొకరం, మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాం.