ఈక గాలం డ్యూటీ

2016 ఏప్రిల్ రెండో వారం. మధ్యాహ్నం మూడింటికి ట్రక్కు మా జవాన్లని కాశ్మీర్‌లో ఒక ఆర్మీ పోస్టు దగ్గర దింపింది. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. ఇసుక బస్తాల బంకర్లు నాలుగు. రెండొందల గజాల కింద ఏరు. మంచు కరిగిన నీరు. వేలు పెడితే ఎముక దాకా జివ్వుమంది.

మూడో రోజు కంపెనీ కమాండర్ మేజర్ సాబ్ నా కాగితాలు చూసి అడిగాడు. "మత్స్యకారుల కుటుంబమా?"

"అవును సర్. కళింగపట్నం. చేపలు పట్టడంలో మమ్మల్ని మించినవాడు లేడు సర్."

ఆ కోత కొయ్యకుండా ఉండాల్సింది. నా నోరే నా కొంప ముంచింది.

ఆర్డరు వచ్చింది. జూన్ మొదటి వారంలో మేజర్ సాబ్‌కి కావలసిన పెద్దమనిషి ఒకాయన ఢిల్లీ నుంచి వస్తాడు. ట్రౌట్ చేపలు పట్టడం ఆయనకి సరదా. నేను ఈక గాలం నేర్చుకుని ఆ రోజు ఆయన పక్కన నిలబడాలి. ఆయన సంతోషంగా వెళ్తే జూన్ పది నుంచి నాకు సెలవు.

ఆ సెలవు మా ఇంటిల్లిపాదికీ కావాలి. తుఫానుకి మా పడవ పగిలిపోతే నాన్న కొత్తది చేయించాడు. జూన్ నడిమికి సర్కారు పెట్టే చేపల వేట నిషేధం అయిపోతుంది. అందరి పడవలూ సముద్రంలో దిగుతాయి. నాన్నది ఫోన్లో ఒకటే మాట. "పెద్దకొడుకు సెయ్యెయ్యకుండా కొత్త పడవ దించనురా. నువ్వొచ్చేదాకా ఇసకలోనే ఉంటాది." మా ఇంట్లో అదొక పట్టింపు. పడవ ఇసుకలో ఉంటే పొయ్యిలో పిల్లి లేవదు.

నాకు నేర్పింది హిమాచల్ హవల్దారు. ఉస్తాద్ అనేవాళ్లం. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది వరకే పాఠం. ఎండెక్కితే మంచు కరిగి ఏరు బురదైపోతుంది. మా సముద్రపు గాలానికి బరువు కడతాం, ఎర గుచ్చుతాం. దీనికి రెండూ లేవు. గాలానికి కోడి ఈక ముక్క, రంగు దారం చుట్టి ఉంటాయి. అది ఈగలా నీటిమీద తేలితే చేప మోసపోతుంది. తాడుని వెనక్కి విసిరి, అది పూర్తిగా చాచుకున్నాకే ముందుకు కొట్టాలి. మొదటి వారం నా గాలానికి నా టోపీయే పడింది. రెండుసార్లు నా చెవి.

"ఆగి కొట్టు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకో," అనేవాడు ఉస్తాద్.

గట్టుమీద మా వంటవాడు నవ్వేవాడు. రాజాం దగ్గరి రైతుబిడ్డ. "ఏటి బావా, సంద్రాన్ని సూసినోడివి, ఈక ముక్కతో ఈ కుస్తీ ఏటి?"

పన్నెండో రోజు పడింది. జానెడు చేప, ఒంటినిండా ఎర్రచుక్కలు. నిజం చెప్పాలి, నా ఒళ్లు పులకరించింది. ఉస్తాద్ గాలం ఊడదీసి చేపని నీళ్లలోకి వదిలేశాడు. "తినడానికి కాదు. ఇది ఆట."

తిననప్పుడు దాని నోరు చీల్చడం ఎందుకు? మర్నాడు అదే చేప దిగువన రాళ్ల మధ్య పొట్ట పైకి తేలి కనబడింది. దవడ చిరిగి ఉంది. ఛీ! పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. కూటి కోసం ఎన్ని చేపల్ని చంపిన చేతులో ఇవి. ఎప్పుడూ అంత రోత పుట్టలేదు.

జూన్ మొదటి శనివారం. ఆరూ పదికి రేడియో గరగరమంది. "చెక్‌పోస్ట్ నుంచి. మెహమాన్ దాటారు. ఓవర్."

ఆ అతిథి, ఢిల్లీ పెద్దమనిషి, దిగాడు. కొత్త బూట్లు, సెంటు వాసన. ఏడున్నరకి ఆయన గాలానికి మూరెడు చేప పడింది. ఇరవై నిమిషాలు ఆడించాడు. ఒడ్డుకొచ్చాక మొప్పల్లో వేళ్లు దూర్చి పైకెత్తాడు. ఫోటో. బాగా రాలేదట. ఇంకోటి. చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఎవరికీ పట్టలేదు. టోపీ సర్దుకోవడానికి చేపని నా చేతిలో పెట్టాడు.

పడవలోకొచ్చిన చేపని కొట్టుకోనివ్వకూడదని నాన్న నేర్పాడు. తలమీద ఒక్క దెబ్బ, అంతే. నా చెయ్యి నన్ను అడగలేదు. గుండ్రాయి అందుకుని తలమీద ఒక్కటి వేశాను. చేప కదలడం మానేసింది.

"రాక్షసుడా! నేను వదిలేద్దామనుకున్నాను!" అని అరిచాడు పెద్దమనిషి.

మేజర్ సాబ్ మొహం మాడిపోయింది. "సారీ చెప్పు. లేదా సెలవు మర్చిపో."

ఇసుకలో ఉన్న పడవ కళ్లముందు మెదిలింది. "సారీ సర్." వినబడలేదన్నాడు పెద్దమనిషి. మళ్లీ చెప్పాను. చేతులు కట్టుకుని మూడోసారీ చెప్పాను.

మధ్యాహ్నం పెద్దమనిషి అదే చేపని వేయించి తెమ్మన్నాడు. ముల్లు కూడా చప్పరించి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. వంటవాడు వెనక్కొచ్చి ఉమ్మేశాడు. "సంపినోడు రాచ్చసుడంట, తిన్నోడు పెద్దమడిసంట. థూ!" నాకు మాత్రం ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

సాయంత్రం సెలవు కాగితం మీద సంతకం పడింది. పదో తేదీన బయల్దేరాను. నాలుగు రోజుల ప్రయాణం. ఆముదాలవలసలో రైలు దిగి ఊరు చేరాను. నిషేధం అయిన మర్నాడు నాన్నా నేనూ భుజాలు ఆనించి పడవ దించాం. వంశధార సముద్రంలో కలిసే మొగ దాటాక గాలానికి కోనెం చేప పడింది. పడవలో ఎగిరెగిరి కొట్టుకుంటోంది. నాన్న కర్ర నా చేతికిచ్చాడు.

"కొత్త పడవలో తొలి సేప. నువ్వే కొట్టు."

కర్ర ఎత్తాను. చేప నోరు తెరిచింది, మూసింది. నా నోట్లోంచి "సారీ సర్" అని పైకే వచ్చేసింది.

"ఏటన్నావురా?"

"ఏటీ నేదు నాన్నా."

నాన్న నన్నొకసారి చూశాడు. కర్ర లాక్కుని ఒక్క దెబ్బ వేశాడు. "కొట్టుకోనియ్యకూడదురా, పాపం," అన్నాడు.

కొన్నేళ్లకి ఆర్మీ ఉద్యోగం వదిలి వచ్చేశాను. నాన్నతో రోజూ వేటకెళ్తాను. తెరుచుకుని మూసుకునే ఆ చేప నోరు మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పటికీ పడవలో కర్ర నేను పట్టుకోను.