పదకొండు వాయిదాలు

ఆమె బట్టలు కుట్టి బతికేది. యాభై రెండేళ్ళ మనిషి, వీధిలో అందరికీ టైలరమ్మ. డెబ్భై దాటిన తల్లి ఆమె దగ్గరే ఉండేది. "మా నాన్న విడాకులిచ్చి పోయాడు, నా మొహం మళ్ళీ చూడలేదు" అని ఆ ముసలావిడ జీవితమంతా చెప్పుకుంది. చిన్నప్పుడు తన తల్లి చెప్పిన మాట అది. చూపు పోయాక ఒకటే పట్టు పట్టింది.

"ఆ విడాకుల కాగితాల్లో నా పేరైనా ఉందో లేదో చూసి రావే."

టైలరమ్మ మూడు వారాలు కోర్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. రికార్డు గది గుమాస్తాకు ప్లీడర్లు పెట్టిన పేరు రేపుగారు. ఏమడిగినా "రేపు రండి" అనేవాడు. ఆ గురువారం మాత్రం గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఇక రేపు లేదమ్మా. పాత కట్టలన్నీ కాగితం మిల్లుకి పోతున్నాయి. మూడింటికి లారీ కదులుతుంది. దావా నంబరు తెలుసా?"

"సంవత్సరం తెలుసండీ. మా అమ్మమ్మ పేరు తెలుసు."

అప్పటికి ఒంటిగంటన్నర. ఆయనొక బీరువా, ఆమె ఒక బీరువా పట్టారు. ముట్టుకుంటే పురికొస తెగిపోతోంది, చెదలు తిన్న అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఆ పక్కనే కూలీలు కట్టలు మోసుకుపోతున్నారు. రెండున్నరైంది. చివరి కట్టా విప్పారు. లేదు.

"విడాకులప్పుడు పిల్లలున్నారా?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"మా అమ్మ ఉంది. మూడేళ్ళది."

"ఆ మాట ముందే చెప్పొద్దూ! పిల్లల దావాల్లో కలిపేసుంటారు. అవి ఇందాకే లారీ ఎక్కేశాయి."

మోకాళ్ళ నొప్పి ఏమైందో, ఆమె పరుగున వెళ్ళి లారీ ఎక్కింది. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. "అయ్యా, ఒక్క ఐదు నిమిషాలు!" అని రేపుగారు బండికి అడ్డంగా నిలబడ్డాడు. తొమ్మిదో కట్టలో అమ్మమ్మ పేరు కనిపించింది.

"నకలుకు దరఖాస్తు పడితే కట్ట కదలకూడదు. రాయండి, ఇక్కడే రాయండి" అంటూ ఆయన కలం అందించాడు.

సాయంత్రానికి నకలు చేతికొచ్చింది, ఆమె అక్కడే నిలబడి చదివింది. విడాకులు కోరింది అమ్మమ్మే. తాత అన్నిటికీ ఒప్పుకుని ఒక్కటే అడిగాడు: నెలకోసారి పాపను చూడనివ్వండి. కోర్టు సరేనంది. అమ్మమ్మ చూపించలేదు. ఆయన మళ్ళీ దావా వేశాడు. పదకొండు వాయిదాలకూ ఆయన సంతకం ఉంది, అమ్మమ్మది ఒక్కటీ లేదు. అమ్మమ్మ చిరునామా దొరకలేదని చివరికి దావా మూసేశారు.

బస్సులో ఇంటికి వస్తూ ఆమె ఆ నకలు మళ్ళీ చదివింది. అమ్మకు కళ్ళు కనిపించవు; ఏం చెబితే అదే నిజం. అమ్మమ్మను దేవతలా తలుచుకునే మనిషికి ఇదెలా చెప్పడం?

"నా పేరుందా?" గుమ్మంలో అడుగుపెట్టగానే తల్లి అడిగింది.

"ఉంది."

"ఎవరు రాయించారు?"

అమ్మమ్మేనని అనబోయి ఆగింది. "తాతయ్య. నిన్ను చూపించమని పదకొండు సార్లు వచ్చాడమ్మా. అమ్మమ్మ ఒక్కసారీ రాలేదు."

"అందుకేనా అన్ని ఇళ్ళు మారాం" అని ముసలావిడ గోడవైపు తిరిగింది. రెండు రోజులు ముద్ద సరిగ్గా మింగలేదు. చెప్పి తప్పు చేశానా అని టైలరమ్మకు కుట్టు మీద చెయ్యి నిలవలేదు.

మూడో రోజు పొద్దున్నే తల్లి పిలిచింది. "మా అమ్మ ఎందుకు దాచిందో అందులో ఎక్కడైనా ఉందా?"

"లేదమ్మా."

"పెంచిన చెయ్యి కదా, తిడదామంటే నోరు రావట్లేదు. సరే, ఆయనేమన్నాడో చదువు. మెల్లగా చదువు."